గాదె చుక్కలు

జూన్ ఇరవై మూడు, తెల్లవారుజాము నాలుగు.
పచాపాతా మిట్ట మీద
కుండలో నీళ్ళు పైన పలక కట్టాయి.
రెండు ఉన్ని లంగాల మీద మూడోది చుట్టుకుని
కుక్కను కూడా లేపకుండా
ఫోర్తునాతా కొండెక్కుతోంది.
వెనక ఆవలిస్తూ మనవడు డెల్ఫిన్.
వాడు టార్చి వేయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది:
"దీపం చూసిన కన్ను చుక్కని చూడదు."

ఈశాన్యాన, మంచుకొండ భుజం మీద
మన పల్లెల్లో పిల్లలకోడి అనే ఆ గుంపు
పొడవాలి ఇప్పుడు.
ఇక్కడ దాని పేరు కోల్కా, అంటే గాదె.
అది నిగనిగలాడితే ఇంటి గాదె నిండుతుంది.
మసకబారితే
విత్తనం దుంపల్ని మూటలోనే ఉంచమని కబురు.

నిరుడు పది లెక్కపెట్టింది.
ఇవాళ?
"ఆరు, అవ్వా."
"నీ కళ్ళు పదేళ్ళవి. నాకు నాలుగే."
ఆకాశాన్ని ఎవరో తడిగుడ్డతో తుడిచి
ఆరకముందే వదిలేసినట్టుంది.

ఫోర్తునాతా సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు.
రెండు బస్సులు మారితే వస్తుందట, వెళ్ళలేదు.
ఏటా నీళ్ళను పడమటికి తోసుకుపోయే గాలి
ఈ ఏడు పనికి ఎగనామం పెట్టిందనీ,
ఆవలి ఒడ్డున పోగుపడ్డ వెచ్చని నీరు
వేల మైళ్ళు వెనక్కి దొర్లి వచ్చి
చింబోతే రేవు గోడను నాకుతోందనీ,
నెత్తళ్ళు చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగిపోతే
వలలు తేలిగ్గా, సిగ్గుగా పైకొస్తున్నాయనీ
ఆమెకు తెలియదు.
ఆ నీటి ఆవిరే
సాలెపట్టు కన్నా పలచని మబ్బై
చాలా ఎత్తున, ఎవరికీ కనబడకుండా
తన నాలుగు చుక్కల ముందు నిలబడిందనీ తెలియదు.
నాలుగని తెలుసు. అది చాలు.

ఇంకా అడుగున ఇంకో ఊగిసలాట ఉంది.
ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో
మహాసముద్రం పక్క మార్చుకుంటుంది,
నిద్ర చెడకుండా.
ఆమె పెళ్ళైన కొత్తలో
తొమ్మిదేళ్ళు వరసగా వాన వేళకొచ్చింది.
మెల్చోర్ కాలు మంచిదని ఊరంతా అంది,
ఆమె కూడా నమ్మి, అతని తాగుడు భరించింది.
వాన తప్పిన ఏడు
అతను అలాగే ఉన్నాడు, అదే కాలు, అదే సీసా.
ఎవరి గొప్ప ఎవరి ఖాతాలో పడిందో
చెప్పేవాళ్ళు లేకపోయారు.

సెప్టెంబరులో వ్యవసాయ శాఖ కుర్రాడు
బూట్లకు బురద అంటకుండా వచ్చి కాగితం చదివాడు:
వర్షం సాధారణం కన్నా తక్కువ కావచ్చు,
అవకాశం యాభై అయిదు శాతం.
"శాతమంటే ఎన్ని బస్తాలు, నాయనా?"
అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అక్టోబరు జల్లుకి కసిమీరో దుంపలు పాతాడు.
మొలకలు చూపించి, గోడ మీద నుంచి అడిగాడు:
"నీ చుక్కలు ఇంకా నిద్రపోతున్నాయా?"
నవంబరంతా వాన లేదు.
ఆ మొలకలు చేతిలో పొగాకులా నలిగాయి.
ఆమె అయిదు వారాలు ఆగి పాతింది.
గెలిచిందని రాయాలని ఉంది నాకు.
ఫిబ్రవరిలో ఒక్క రాత్రి మంచు కురిసి
ఆలస్యపు పంటను సగానికి కోసింది.
మిగిలిన సగంలో
ఒక బస్తా, అడగకుండానే
కసిమీరో గుమ్మంలో పెట్టి వచ్చింది.
మిగతా నెలలకు అటక మీద చున్యో ఉంది:
పది చుక్కల ఏట గడ్డకట్టించి, తొక్కి, ఎండబెట్టిన
నల్లటి ముడతల దుంపలు.
గులకరాళ్ళలా చప్పుడు చేస్తాయి, ఆకలి తీరుస్తాయి.

మళ్ళీ జూన్. ఈసారి డెల్ఫినే ముందు లేచాడు.
కొండంతా పొగమంచు.
ఈశాన్యం ఎటుందో కూడా తెలియలేదు.
ఇద్దరూ రాతి మీద చాలాసేపు కూర్చున్నారు.
"ఏం చెప్పింది అవ్వా?"
"ఏం చెప్పలేదు."
లేచి, మోకాలు సవరించుకుని అంది:
"రేపు చూద్దాం. టార్చి తేకు."